విద్యార్థి సేవాదళములు – పల్లెలోని ఆకలి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కళాశాల విద్యార్థులు పల్లెకు వచ్చి వారము దినములు శిబిరము వేయుట తెలుగునాట పెక్కు గ్రామములు ఎరిగిన దృశ్యమే. బడి వసారాలో పడకలు, చెట్టు క్రింద గాడిపొయ్యి, తెల్లవారకముందే వీధులూడ్చుట, పగలు పార పని, సాయంకాలము సభ, రాత్రి నాటిక. ఏడవనాడు పూలదండలు, ఛాయాచిత్రము. బండి కదలినంతనే గ్రామము విద్యార్థులను మరచును. పరీక్షలు దగ్గరపడినంతనే విద్యార్థులు గ్రామమును మరతురు. ఇందు ఎవరి దోషమును లేదని చెప్పి ఊరకుండుట సులభము. కాని ఆ ఏడు దినములలో ఏ యింట పొయ్యి రాజలేదో, ఆ యింటివారికి శిబిరము వచ్చినదనియు, పోయినదనియు తెలియకయే పోయినచో, ఆ సేవ ఎవరికి జరిగినట్లు? నేటి ప్రసంగ విషయము ఇదియే.

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట తెలుగువారికి ఒకరు నేర్పవలసిన విద్య కాదు. గోదావరి పాయల నడుమ నున్న లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ యనక, కులమనక, వరదకు చిక్కిన బాటసారులకును, దిక్కులేనివారికిని తమ యింట అన్నము పెట్టి అపర అన్నపూర్ణయని పేరొందిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడులలోని మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. అట్టి తల్లి యున్న ఊర ఆకలి తానై ఆమె గుమ్మమునకు నడచి వచ్చును. అయితే నడువలేనివాడు గుమ్మము వరకు రాలేడు. అభిమానము గలవాడు రాడు. వారి ఆకలిని వెదకికొని పోవలసి యుండును. వెదకుటకు లెక్క కావలెను. అన్నదానమునకు పెద్ద మనస్సు చాలును. ఆకలి నివారణకు పెద్ద మనస్సుతోపాటు ఒక నోటుపుస్తకమును కావలెను.

ఆ లెక్క ఎవరు వేయుదురన్నది చిన్న సంగతి కాదు. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని, అందును బళ్లారి, కర్నూలు, కడప సీమలను పీల్చి పిప్పిచేసిన ధాత కరవును తలచుకొనినచో ఈ మాట బోధపడును. 1877లో భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరవు పనులలో చేరిన పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, దానిపై ఒక అణా చాలునని నిర్ణయించెను. దినమంతయు రాళ్లు కొట్టువానికి ఆ కొలత చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ వాదించెను. కొలది మాసములకు కూలి కొంత పెంచక తప్పినది కాదు. ఈలోపల పోయిన ప్రాణములు పోయినవే. ఖజానాను చూచి వేసిన లెక్క యొకటి, మనిషిని చూచి వేసిన లెక్క మరియొకటి.

స్వాతంత్ర్యానంతరము 1952లో రాయలసీమకు మరల కరవు వచ్చినపుడు గంజి కేంద్రములు తెరచిరి. 1966లో వానలు లేక బీహారు మాడిపోయినపుడు, 1967 ఏప్రిలులో పాలము, గయ, హజారీబాగ్ మున్నగు జిల్లాలలో కరవును ప్రభుత్వమే ప్రకటించినది. జయప్రకాశ్ నారాయణ్ నాయకత్వమున బీహారు సహాయ సంఘము ఉచిత వంటశాలలు నడపెను. వానిలో గరిటె పట్టినవారిలో కళాశాల విద్యార్థులును కలరు. ఇంటి పరీక్ష తప్పిన యువకునకు అక్కడ ఒక క్రొత్త పరీక్ష ఎదురయ్యెను: వరుసలో నిలుచున్నవారికి పెట్టుట యెంత సులువో, వరుసకు రాలేకపోయినవారిని కనుగొనుట యంత కష్టము.

అట్టి కాలముననే విద్యార్థుల సేవకు ఒక స్థిరరూపము ఏర్పడినది. దానికి పూర్వకథ కొంత కలదు. ఒకప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా (1931–36) నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘము, విద్యార్థులు స్వచ్ఛందముగా జాతీయ సేవ చేయుట మంచిదని పలికెను. 1959లో సి. డి. దేశ్‌ముఖ్ గారి సంఘము మరియొక అడుగు ముందుకు వేసి, ఉన్నత పాఠశాల చదువు ముగించి విశ్వవిద్యాలయమున చేరబోవు ప్రతి విద్యార్థియు తొమ్మిది నెలలనుండి సంవత్సరము వరకు సేవ చేసి తీరవలెనని సూచించినది. (దేశ్‌ముఖ్ గారి ధర్మపత్ని రాజమహేంద్రవరపు ఆడపడుచు దుర్గాబాయమ్మగారే.) వ్యయము భరింపరానిదని ఆ సూచన ఆచరణకు రాలేదు. పిదప కె. జి. సయ్యిదైన్ గారు పెక్కు దేశముల పద్ధతులను పరిశీలించి, సేవ స్వచ్ఛందముగనే యుండవలెనని చెప్పిరి. ఆయన మాటయే నిలిచినది. నిలిచినందులకు సంతోషింపవలెను. బలవంతపు పార గట్టి నేలను త్రవ్వవచ్చును గాని, బలవంతపు మనిషికి ఎదుటివాడు తన ఆకలిని చెప్పుకొనడు.

1969 సెప్టెంబరు 24వ తేదీన, గాంధీజీ శతజయంతి సంవత్సరమున, నాటి కేంద్ర విద్యామంత్రి వి. కె. ఆర్. వి. రావు గారు 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవా పథకమును ప్రారంభించిరి. మొదట చేరిన విద్యార్థులు 40,000 మంది. రావుగారు రాజకీయములకన్న ముందు అర్థశాస్త్రవేత్త; 1931–32 నాటి బ్రిటిషు ఇండియా జాతీయాదాయమును శాస్త్రీయముగా లెక్కకట్టిన పండితుడు. దేశపు రాబడిని లెక్కించిన చేతులే విద్యార్థులను పల్లెలకు పంపినవని తలచుకొనినపుడు, ఆ పథకములో లెక్కకు ఎక్కువ చోటు ఉండవలసినదే యనిపించును. పథకపు ముద్రలో కోణార్క సూర్యదేవాలయపు రథచక్రము కలదు. దాని ఎనిమిది ఆకులు దినమునందలి ఎనిమిది జాములకు గుర్తులు. నినాదము నాలుగు మాటలలో ముగియును: ‘నేను కాదు, నీవు ముందు’ అని దాని భావము.

1973లో ‘కరవుపై యువజనులు’ అను పేరుతో ఆ ఏటి శిబిరములు జరిగినవి. ఆ తరువాత మురికిపై, వ్యాధులపై యుద్ధమని పేరు పెట్టిరి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు అక్కడికి పోయిన సేవకులలో విద్యార్థులు పలువురు. శవములను వెదకి తీసి దహనము చేయుట, బ్రతికినవారికి త్రాగునీరు మోయుట – ఇట్టి పనులకు ఏ తరగతిలోను పాఠము చెప్పరు. అంతటి విపత్తులో విద్యార్థి వెనుదీయడు. ఆ విషయమున అనుమానమక్కరలేదు. అనుమానమంతయు విపత్తులేని సామాన్య దినముల గురించియే. ఎందుకనగా నేటి ఆకలి ఉప్పెనవలె వచ్చునది కాదు. అది గోడలో చెమ్మవలె ఉండును.

ఆ చెమ్మ ఎంత యున్నదో ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఐదేండ్లలోపు బిడ్డలలో వయస్సునకు తగిన ఎత్తు ఎదగనివారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31 మంది, తెలంగాణలో 33 మంది. 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 59 మంది, తెలంగాణలో 58 మంది. బియ్యము పండు దేశము, కాలువలు పారు దేశము, చౌక దుకాణములో బియ్యము ఇచ్చు దేశము ఇది. కడుపు నిండినట్లే యుండును; ఒంటికి పట్టదు. ఇది కంటికి కనబడని ఆకలి.

దీనిని విద్యార్థి ఎట్లు కనుగొనవలెను? ‘మీ యింట ఆకలి యున్నదా?’ అని అడిగినచో ఏ గృహస్థుడును ఔననడు. అడిగినవాని ఎదుట గంజి త్రాగినవాడును పప్పన్నమే తింటినని చెప్పును. అందుచేత అడుగు తీరు మారవలెను. అరుగుమీద కూర్చుండి, మంచినీళ్లడిగి త్రాగి, ‘అవ్వా, రాత్రికి ఏం వండుకున్నావు?’ అని అడుగవలెను. ‘ఇంట్లో కడపట ఎవరు తింటారమ్మా?’ అని అడుగవలెను. ఈ రెండవ ప్రశ్నలోనే అసలు గుట్టు దాగియున్నది. కడపట తినునది సాధారణముగా ఆ యింటి కోడలు. కూర అడుగంటిన పిదప మిగిలినది ఆమె వంతు. పైన చెప్పిన నూటికి 59 లెక్క ఆ గిన్నె అడుగుననే పుట్టినది. ఈ ప్రశ్న మగపిల్లలు అడుగుటకన్న ఆడపిల్లలు అడుగుట మేలు. దళములో విద్యార్థినులు లేకున్న సగము ఊరు తలుపు వేసికొనియే యుండును.

మరియొక మాట. శిబిరము ఊరి నడుమ వేసి, దళితవాడకు ఒక పూట చుట్టపుచూపుగా పోయివచ్చినచో లెక్క మొదటనే తప్పినట్లు. లెక్క ఊరి చివరి యింటినుండి మొదలు కావలెను. తుదకు ఊరి పెద్దల యింటికి వచ్చిన నష్టములేదు; వారు మొదటి దినమున దొరకకపోయినను ఎక్కడికిని పోరు.

బియ్యము కార్డు విషయము చూడుడు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ప్రకారము అర్హమైన కుటుంబములో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము, కడు నిరుపేద కుటుంబమునకు అంత్యోదయ కార్డుపై నెలకు 35 కిలోలు రావలెను. చట్టము వ్రాసిన మాట సత్యమే. కాని బ్రతుకెల్ల కలుపు తీసి, అంట్లు తోమి వ్రేళ్ల గీతలరిగిన ముసలమ్మ వ్రేలిముద్రను యంత్రము గుర్తింపకపోవుట కలదు. కాపురము వేరుపడిన కొడుకు పేరు పాత కార్డులోనే నిలిచిపోవుట కలదు. వలసపోయి తిరిగివచ్చినవాని పేరు తొలగిపోవుట కలదు. ఈ చిక్కులు విప్పుటకు ధనము అక్కరలేదు. ఓపిక, అక్షరము, రెండు మూడు పర్యాయములు కార్యాలయము మెట్లెక్కు కాళ్లు – ఇవి చాలును. వ్రేలిముద్ర పడనివారికి కంటిపాప గుర్తుతోనో, మరియొక విధముగనో బియ్యమీయవలసి యున్నదని తెలిసికొని, ఆమె వెంట దుకాణమునకు నడచుట యొక పూట పని. ఆ యొక పూట పనికి ఫలము నెలనెల వచ్చు బియ్యము. వీధి యూడ్చిన ఫలము మరునాటి గాలివరకే.

చంటిపిల్లల సంగతి ఇంకను సున్నితమైనది. ఆరు నెలలు నిండి ఐదేండ్లలోపునున్న బిడ్డ భుజము నడుమ కొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువయున్నచో అది తీవ్రమైన పోషకాహార లోపమునకు గుర్తు. అంగన్‌వాడీలో ఇందుకు రంగుల పట్టీ యుండును. కొలత నేర్చుకొనుట కష్టము కాదు. కాని కొలిచిన విద్యార్థి వైద్యుడు కాడని మరువరాదు. తల్లి ఎదుట ‘మీ పిల్ల బక్కది’ యనుట సేవ కాదు, అవమానము. మాటాడక అంగన్‌వాడీ కార్యకర్తకు చెప్పి, అవసరమైనచో ఆస్పత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రమునకు తల్లీబిడ్డలను చేర్చుటకు తోడు పోవుటయే ఆతని పని.

గ్రామాభివృద్ధి వేరు, ఆకలి నివారణ వేరు అని కొందరు తలచెదరు. బోరింగు చుట్టు మడుగును చూచినచో ఈ భ్రమ పోవును. ఆ మడుగులో దోమలు, ఈగలు. ఆ యీగలు అన్నముపై. ఆ యన్నము తిన్న బిడ్డకు విరేచనములు. తల్లి యెంత పెట్టినను ఆ బిడ్డకు ఒంటబట్టదు. బోరింగు ప్రక్కన మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంట త్రవ్వి, అడుగున పెద్ద రాళ్లు, పైన ఇటుక ముక్కలు, ఆపైన కంకర, ఇసుక పోసినచో మురుగునీరు నేలలోనికి ఇంకును. ఇరువురు విద్యార్థులు ఒక దినములో చేయదగిన పని ఇది. ఏడాదికొకమారు పై ఇసుక తీసి కడిగి మరల పోయవలెను. లేకున్న ఆ గుంటయే మరియొక మడుగగును. ఆ కడుగుట ఎవరి వంతో శిబిరము ఎత్తివేయకముందే తేలవలెను.

మొక్కల కథయు ఇంతే. శిబిరములో నాటిన మొక్కకు నీరు కావలసినది చైత్ర వైశాఖములలో. అప్పుడు నాటినవాడు పరీక్ష వ్రాయుచుండును. మేకకు పరీక్షలు లేవు. వేయి మొక్కలు నాటి లెక్క చెప్పుకొనుటకన్న, పది యిండ్ల పెరళ్లలో మునగ, బొప్పాయి, కరివేపాకు నాటి, ఆ యింటి ఇల్లాలికే అప్పగించుట మేలు. అంట్లు కడిగిన నీటితో అవి బ్రతుకును. మునగాకు కూర ఆ యింటి కోడలి కంచములోనికే వచ్చును.

పట్టణములలో కొన్ని విద్యార్థి బృందములు కళ్యాణ మండపములలో మిగిలిన అన్నము సేకరించి ఆస్పత్రుల వద్ద పంచుచున్నవి. మంచి పనియే. ఐనను వండిన అన్నము వేసవి వేడిమిలో ఒక గంటకు మించి బయట నిలువ యుండరాదు. మిగిలినది, పాడగుచున్నది అను రెండు మాటలకు నడుమ గడియారము కలదు. పేదవాని కడుపు ధనవంతుని కడుపుకన్న గట్టిదని ఏ వైద్యశాస్త్రమును చెప్పలేదు. అన్నము తీసికొనువాని ముఖమునకు ఎదురుగా ఛాయాచిత్రము పట్టుటయు మానవలెను.

ఇంతవరకు చెప్పిన పనులలో ఏడు దినములలో ముగియునది ఒకటి రెండే. ఇక్కడ పథకమును చాలమంది సరిగా ఎరుగరు. జాతీయ సేవా పథకమనగా శిబిరమనియే తలపు. నిజమునకు విద్యార్థి యేటికి 120 గంటలు, రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలసి యున్నది; శిబిరము దానికి అదనము. 120 గంటలనగా వారమునకు రెండు గంటలకు కొంచెము పైన. నూరుగురు విద్యార్థుల దళమునకు ఒక దత్తత గ్రామము, ఒక అధ్యాపకుడు. ఆ రెండు గంటలు ప్రతి ఆదివారము ఒకే పల్లెలో, ఒకే పది యిండ్లలో గడచినచో, ఆ పిల్లవాడు ఆ యిండ్లకు చుట్టమగును. ఏడు దినముల అతిథికి చెప్పని మాట ఏడవ మాసమున వచ్చిన చుట్టమునకు చెప్పుదురు. శిబిరము పెండ్లివంటిది, ఈ 240 గంటలు కాపురమువంటివి. పెండ్లికి చేసిన ఆర్భాటములో సగము కాపురముపై పెట్టిన బాగుండును.

గ్రామమునకును ఇందు సగము బాధ్యత కలదు. శిబిరమునకు కోళ్లు కోసి విందులు చేయుట ఆ బాధ్యత కాదు. విద్యార్థులు తమ వంట తాము చేసికొనుటయే మర్యాద. గ్రామము ఈయవలసినది పనికి కొనసాగింపు. దానికి ఒక చోటు కావలెను. పంచాయతీ కార్యాలయమునకు పార్టీల రంగు అంటవచ్చును. గుడికి కొందరు వత్తురు, కొందరు రారు. అందరును రాగల కప్పు గ్రంథాలయమొక్కటే. 1914లో బెజవాడలో గ్రంథాలయ కార్యకర్తల మహాసభ జరిగిననాటి నుండియు, 1935లో పెదవడ్లపూడి కాలువలో పుస్తకాల పడవ నడచిననాటి నుండియు తెలుగునాట గ్రంథాలయము చదివినవానికి మాత్రమే చెందినది కాదు. పత్రిక నొకరు చదువగా పదుగురు వినుట అక్కడి ఆచారము. బియ్యము కార్డు నియమమో, పింఛను ఉత్తరువో ఆదివారము గ్రంథాలయపు అరుగుమీద విద్యార్థి బిగ్గరగా చదివినచో, అక్షరము రానివానికి తన హక్కు చెవికి సోకును.

విద్యార్థులు తయారుచేసిన ఇంటింటి పుస్తకము గ్రంథాలయపు బీరువాలో, గ్రంథపాలకుని తాళము క్రింద నుండవలెను. అందలి పేర్లు గోడకెక్కరాదు, సభలో చదువరాదు; ఎవరి యింట రాత్రి పొయ్యి రాజలేదో ఊరికి చాటుటకు కాదు ఆ పుస్తకము. గ్రంథపాలకుడు, అంగన్‌వాడీ కార్యకర్త, దళపు అధ్యాపకుడు – ఈ ముగ్గురే దానిని తెరువదగినవారు. పట్టా పుచ్చుకొని పాత విద్యార్థులు వెడలిపోవుదురు, క్రొత్తవారు వత్తురు, పుస్తకము కదలదు. మరుసటి శిబిరము మొదటి దినమున పారలు, తట్టలు దింపకముందు క్రొత్త దళము గ్రంథాలయమునకు వచ్చి ఆ పుస్తకము తెరువవలెను. నిరుటి పేర్లలో ఎవరికి బియ్యము వచ్చుచున్నదో, ఎవరికి ఇంకను రాలేదో చూచుకొని, రానివారి యిండ్లకు ముందుగా నడువవలెను.